లొల్లి బొమ్మల మీద కాదు, పిట్టకథల మీద

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ సినిమా పేజీలో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ గురించి వ్యాసం వేశారు. జపాన్ బొమ్మల సినిమాకు తెలుగు పత్రికలో అర పేజీ దొరకడమే అరుదు, అందుకు సంతోషం. కానీ అభిమానులు రెండుగా ఎందుకు చీలారన్న దగ్గర మీ వ్యాసం తొందరపడింది. ‘సరుకు తక్కువ, సాగదీత ఎక్కువ’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. సాగదీశారా లేదా అన్నది లెక్క వేసి చూడగలిగిన సంగతి. లెక్క వేస్తే ఆ మాట నిలబడదు. అయినా హాల్లో కూర్చున్న సగం మందికి సాగినట్టు అనిపించింది, అదీ అబద్ధం కాదు. ఈ రెంటి నడుమ ఉన్న చిక్కు గురించే ఈ ఉత్తరం.

కథలోని చావులు, మలుపులు దాచకుండా రాస్తున్నాం. సినిమా చూడనివాళ్లు చూశాక చదువుకోవచ్చు.

ముందు లెక్క. రాక్షసులను కత్తితో వేటాడేవాళ్ల ఈ కథకు మూలం కొయొహారు గొతోగే రాసి, గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే దాకా ‘షోనెన్ జంప్’ వారపత్రికలో 205 అధ్యాయాలుగా వచ్చింది. పుస్తకాలుగా 23 సంపుటాలు. 2020 అక్టోబర్‌లో వచ్చిన మొదటి సినిమా ‘మూగెన్ ట్రైన్’ అందులో 54 నుంచి 66 దాకా, అంటే సుమారు 13 అధ్యాయాలు తీసుకుంది. నిడివి 117 నిమిషాలు. అధ్యాయానికి 9 నిమిషాలు పడ్డట్టు. ఇన్ఫినిటీ క్యాసిల్ 140 నుంచి 156 దాకా సుమారు 17 అధ్యాయాలు తీసుకుంది. నిడివి 155 నిమిషాలు. ఇక్కడా అధ్యాయానికి 9 నిమిషాల పైచిలుకే. మీ వ్యాసం మెచ్చుకున్న ‘బిగువైన’ మొదటి సినిమా, తిట్టిన ‘సాగదీసిన’ రెండో సినిమా ఒకే వేగంతో నడిచాయి. రెండింటికీ స్టూడియో యుఫోటేబుల్, దర్శకుడు హరువో సొతోజాకి. చెయ్యి మారలేదు, కొలతా మారలేదు.

నిజంగా సాగదీసిన చోటు వేరే ఉంది. 2024 మే, జూన్ నెలల్లో టీవీలో వచ్చిన ‘హషీరా ట్రైనింగ్’ భాగం చూడండి. దాదాపు డజను అధ్యాయాల కథను 8 ఎపిసోడ్లు చేశారు, అందులో మొదటిదీ చివరిదీ మామూలు కన్నా పెద్దవి. దానికన్నా ముందు 2023లో, 2024లో టీవీ ఎపిసోడ్లనే రెండు మూడు అతికించి హాళ్లలో సినిమా టికెట్టుకు చూపించారు. రెండేళ్లు ఇట్లా నీళ్ల మజ్జిగ తాగినవాళ్లు అసలు సినిమాకు వచ్చేసరికే చిరాకు మీద ఉన్నారు. ఈ సినిమా మీద పడిన తిట్లలో ఒక వాటా ఆ బాకీయే. మీ వ్యాసంలో దాని ఊసే లేదు.

ఇక అసలు చిక్కు. రెండు సినిమాల్లో అధ్యాయాల లెక్క ఒకటే అయినా, అధ్యాయాల లోపల ఉన్నది ఒకటి కాదు.

మూగెన్ ట్రైన్ ఒక్క గాడిలో పోతుంది. రైలు కదులుతుంది, కలల రాక్షసుడు ఎన్ము పని పడతారు, రైలు పడిపోతుంది, అప్పుడు పైనుంచి అకాజా అనే ఇంకో రాక్షసుడు ఊడిపడతాడు, తెల్లారేసరికి వేటగాళ్లలో మేటి రెంగోకు చనిపోతాడు. రెంగోకు తల్లి గుర్తొచ్చే ఘట్టం ఉంది కానీ అది పొట్టిది, పోరు లోపలే ఒదిగిపోతుంది. అకాజా ఎవరో, ఎందుకట్లా అయ్యాడో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే వాడంటే ఒళ్లు మండింది.

ఇన్ఫినిటీ క్యాసిల్‌లో మూడు పోరాటాలు. వేటగత్తె షినోబు, రాక్షసుడు డోమాల మధ్య ఒకటి. వేటగాడు జెనిత్సు, అతనితో ఒకే గురువు దగ్గర నేర్చి రాక్షసుడైపోయిన కైగాకుల మధ్య ఒకటి. కథానాయకుడు తంజిరో, తోటి వేటగాడు గియు ఇద్దరూ కలిసి అకాజాతో చేసేది మూడోది. మూడింటికీ అచ్చు ఒకటే: కత్తులు కలుస్తాయి, మన మనిషి ఓడిపోయే అంచుకు వస్తాడు, పాత రోజులు కళ్ల ముందు కదులుతాయి, ఆ తర్వాత తీర్పు. షినోబుకు అక్క కనాయే గుర్తొస్తుంది. జెనిత్సుకు తమ గురువు ఎట్లా కడుపు కోసుకుని చచ్చిపోయాడో గుర్తొస్తుంది. తంజిరోకు తండ్రి తంజురో జబ్బు ఒంటితో ఎలుగుబంటిని కొట్టిన రాత్రి గుర్తొస్తుంది. చివరికి అకాజాకు తన మనిషి జన్మే గుర్తొస్తుంది, అన్నిట్లోకీ పెద్దది ఇదే. నాలుగుసార్లు కథ ఆగి వెనక్కి నడిచింది. మొదటిసారి కళ్లు చెమర్చినవాడే నాలుగోసారి ఫోన్ తీశాడు.

కాగితం మీద ఈ బాధ ఉండదు. జంప్ పత్రిక సోమవారం వస్తుంది. అధ్యాయానికి పంతొమ్మిది పేజీలు అటూ ఇటూ. ఒక వారం పోరు, మళ్లీ వారం జ్ఞాపకం. మధ్యలో ఏడు రోజులు ఉన్నాయి కాబట్టి జ్ఞాపకం అడ్డు తగిలినట్టు కాదు, అది విడిగా ఒక చిన్న కథ చదివినట్టు ఉంటుంది. అకాజా గతం 154, 155 అధ్యాయాల్లో పరుచుకుని 156లో ముగుస్తుంది. వారంవారం చదివినవాళ్లు ఆ రెండు మూడు వారాలను మొత్తం మాంగాలోనే మేలిమి ఘట్టాల్లో ఒకటిగా లెక్కపెడతారు. పుస్తకం కొన్నవాళ్లూ పేజీ మడిచి పెట్టి, మంచినీళ్లు తాగి, మళ్లీ తీయొచ్చు. హాల్లో ఆ వెసులుబాటు లేదు. 16వ సంపుటి చివర మొదలై 18వ సంపుటి నడుమ దాకా పోయే కథను ఒక్క కూర్చునుడులో మింగాలె.

అందుకే చీలిక వయసు మీద రాలేదు. మీ వ్యాసం ‘పిల్లలకు నచ్చింది, పెద్దలకు నచ్చలేదు’ అన్నట్టు రాసింది. గీత పడ్డది మరోచోట: మాంగా చదివి వచ్చినవాళ్లు ఆ జ్ఞాపకాల కోసమే ఎదురుచూశారు. టీవీ సిరీస్ చూసి వచ్చినవాళ్లు పోరాటాల కోసం వచ్చి, జ్ఞాపకాలను ఓర్చుకున్నారు. మూగెన్ ట్రైన్ ఒక్కటే చూసి, అదే పరుగు ఆశించి వచ్చినవాళ్లు నొచ్చుకున్నారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పక్షాలయ్యారంటే, ఒకడు పుస్తకం చదివాడు, ఇంకొకడు చదవలేదు, అంతే.

మన దగ్గర కథ చెప్పేవాళ్లకు ఈ సమస్య కొత్తది కాదు. హరికథలోనైనా బుర్రకథలోనైనా పిట్టకథ ఉంటుంది. అది ఎక్కడ పెట్టాలన్నదే కథకుడి నేర్పు. జనం ఆవులిస్తున్నప్పుడు, ఒక ఘట్టం అయిపోయి ఇంకోటి ఎత్తుకోబోయే ముందు పెడతాడు. బాణం వింటికి సంధించాక పిట్టకథ ఎత్తుకుంటే ముందు వరుసలోని ముసలాయనే కసురుకుంటాడు. జపాన్ వారపత్రికల మాంగాలో ఆచారం దీనికి తలకిందులు: బాణం వదలబోయే క్షణంలోనే పిట్టకథ. ఎందుకంటే వారం చివర ఎక్కడో ఒకచోట ఆపాలి, ఆపేది ఉత్కంఠ దగ్గర ఆపాలి, మళ్లీ వారం దాని మీద బరువు పెట్టాలి.

దొంగ కోసం ఏడవడం కూడా పాలమూరు వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడిగా పండుగ సాయన్న కథ ఆ జిల్లాలో కిన్నెర మీద ఇప్పటికీ పలుకుతుంది. కానీ అక్కడ వరస చూడండి. వాడు ఎందుకు దొంగతనానికి దిగాడో, ఎవరికి పెట్టాడో ముందు చెప్తారు, చావు తర్వాత వస్తుంది. అప్పటికి వినేవాళ్లు వాడి పక్షం అయిపోయి ఉంటారు. అకాజా కూడా మొదట్లో దొంగే. అసలు పేరు హకుజి. ఎడో కాలంలో జబ్బు తండ్రి మందుల కోసం జేబులు కొట్టాడు, పట్టుబడిన ప్రతిసారీ చేతుల మీద శిక్ష గీతలు పొడిపించుకున్నాడు. కొడుకు తన కోసం దొంగ అయ్యాడని తండ్రి ఉరేసుకున్నాడు. ఇదంతా మనకు ఎప్పుడు తెలుస్తుంది? వాడి తల తెగిపడ్డాక. అయిదేళ్ల కింద రెంగోకును చంపిన చెయ్యే గుర్తుండగా, చివరి అరగంటలో ‘వీడూ పాపం’ అంటే కొందరికి మింగుడు పడలేదు. రెంగోకు అభిమానుల కోపంలో సగం న్యాయం ఉంది. వాళ్లు అకాజాను క్షమించమని సినిమా అడిగిందనుకుంటున్నారు. నిజానికి సినిమా ఎక్కడా వాడిని క్షమించలేదు. అర్థం చేసుకోమంది. కానీ వరస తిరగేసి చెప్తే ఆ రెండింటికీ తేడా చీకట్లో కనబడదు.

ఇప్పుడు మరో పక్షం మాట. అకాజా జ్ఞాపకం కోసేస్తే సరిపోయేది అనేవాళ్లు ఒక సంగతి గమనించలేదు. తంజిరో వాడి మెడ నరికాడు. రాక్షసులు మెడ తెగితే చావాలి, అది ఈ కథ మొదటి నుంచి పెట్టుకున్న నియమం. అకాజా చావలేదు. మొండెం లేచి మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది, ఆ నియమాన్నే దాటిపోయే దశకు వచ్చాడు. గియు, తంజిరో ఇద్దరూ అయిపోయిన స్థితి. అప్పుడు వాడిని ఆపింది కత్తి కాదు, కొయుకి. తను పెళ్లాడాల్సిన పిల్ల. పక్క కత్తిశాల వాళ్లు బావిలో విషం కలిపితే ఆమె, ఆమె తండ్రీ వీడి గురువూ అయిన కెయిజో ఇద్దరూ చచ్చిపోయారు. వీడు ఒట్టి చేతులతో ఆ కత్తిశాలలో 67 మందిని చంపాడు. అట్లా తిరుగుతున్నవాడిని రాక్షసులందరికీ మూలమైన ముజాన్ పట్టుకుని రాక్షసుణ్ని చేశాడు. ఇది గుర్తుకొచ్చాకే అకాజా తన దెబ్బ తన మీదే వేసుకున్నాడు. చచ్చింది జ్ఞాపకంతో. మరి ఆ జ్ఞాపకం చూపించకుండా వాడి చావు ఎట్లా చూపిస్తారు? నాలుగింటిలో ఇదొక్కటే కథకు మూలస్తంభం, తీస్తే ఇల్లే కూలుతుంది.

ఇంకోటి ఉంది, రెండోసారి చూస్తే గానీ తగలదు. పోరుకు దిగేముందు అకాజా కాళ్ల కింద వెలిగే దిక్సూచి గుర్తు మంచు రవ్వ ఆకారంలో ఉంటుంది. కొయుకి జడలో పెట్టుకున్న పిన్నుదీ అదే ఆకారం. వాడి దెబ్బలకు పెట్టిన పేర్లు జపాన్ బాణసంచా రకాల పేర్లు. జబ్బుపడ్డ కొయుకికి హకుజి చెప్పిన మాట ఏమిటి? ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు, అదీ కాకుంటే ఆ పై ఏడు బాణసంచా చూడ్డానికి పోదామని. వందేళ్లకు పైగా మనుషులను చంపుతూ, తనకు తెలియకుండానే ఆ పిల్ల పిన్ను మీద నిలబడి, ఆ పిల్లకు చూపిస్తానన్న బాణసంచా పేర్లు అరిచాడు. ఇది తెలిశాక మొదటి నుంచి పోరంతా మారిపోతుంది. సినిమాను రెండు మూడు సార్లు చూసినవాళ్లు ఎందుకు మెత్తబడ్డారో, ఒక్కసారి చూసినవాళ్లు ఎందుకు చల్లబడలేదో ఇక్కడ ఉంది జవాబు. ఒక్కసారే చూసేవాడి టికెట్టు డబ్బులు కూడా డబ్బులే కదా అంటే, ఆ మాటా ఒప్పుకోవాల్సిందే.

మా మటుకు మేం చెప్పేది, తప్పు చివరి జ్ఞాపకంలో లేదు, దాని ముందరి రెంటిలో ఉంది. అకాజా గతం వచ్చేసరికి చూసేవాడి ఓపిక ఖర్చయిపోయి ఉంది. కైగాకు సంగతి తీసుకోండి. మాంగాలో ఆ పోరు మొత్తం 144, 145 రెండే అధ్యాయాలు. కైగాకుకు మెరుపు శ్వాస అనే కత్తి విద్యలో మొదటి రూపం తప్ప మిగతా అయిదూ వచ్చు, జెనిత్సుకు మొదటిది తప్ప ఏదీ రాదు. అలాంటివాడు ఏడో రూపాన్ని తనే పుట్టించి కొడతాడు. ఈ గణితం తెలిస్తే చాలు, ఆ దెబ్బ బరువు తెలుస్తుంది. గురువు సంగతి, పాత పగ ఒకటి రెండు మాటల్లో వచ్చినా నిలిచేది, లేదా ఆ వెనకటి కథను టీవీ భాగంలోనే వాడేసుకోవచ్చు. ఎట్లాగూ అక్కడ ఎనిమిది ఎపిసోడ్లు ఖాళీ ఖాళీగా నడిచాయి కదా. యుఫోటేబుల్ వాళ్ల పద్ధతి మాంగా వరసను కదపకపోవడం. పోరాటాలకు కొత్త కదలికలు చేరుస్తారు, ఘట్టాలను మాత్రం జరపరు. ఆ భక్తి వల్లే చదివినవాళ్లు చేతులెత్తి మొక్కుతారు, చదవనివాళ్లు గడియారం చూస్తారు.

షినోబు ఘట్టం గురించి పోట్లాట తక్కువ, కాబట్టి ఎక్కువ రాయం. ఆమె చనిపోతుంది, డోమా బతికే ఉంటాడు, ఆమె శిష్యురాలు కనావో వచ్చి నిలబడుతుంది, అంతటితో ఆ దారి మూసేస్తారు. ఇది సగంలో వదిలేసినట్టు తోచినవాళ్లకు ఒక సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. ఇది మూడు సినిమాల్లో మొదటిది. 2024 జూన్ 30న టీవీ భాగం ముగిసిన వెంటనే మూడు సినిమాలని ప్రకటించారు. జపాన్‌లో సినిమా పేరులోనే ‘మొదటి అధ్యాయం, అకాజా మళ్లీ వచ్చాడు’ అని ఉంది. బయటి దేశాలకు పంపిన పేరులో ఆ ముక్క ఎగిరిపోయింది. మన పోస్టర్ చూసి పోయినవాడికి అది పూర్తి కథ. తెర మీద పేర్లు పడటం మొదలయ్యాక ‘మిగతాది?’ అన్న కేక ఆ లోపం చేసిన పని.

ఇంటర్వెల్ గొడవ పూర్తిగా మన సొంతం. తెలుగు సినిమాకు ఇంటర్వెల్ రాసుకుంటారు, అక్కడ ఒక కుదుపు పెట్టి లైట్లు వేస్తారు. జపాన్ సినిమాకు ఇంటర్వెల్ లేదు, 155 నిమిషాలూ ఒకటే ముక్క. ఇక్కడ క్యాంటీన్ నడవాలి కాబట్టి గడియారం చూసి కోస్తే, కోత ఎక్కడైనా పడొచ్చు, అది జ్ఞాపకం మధ్యలో పడితే ఆ జ్ఞాపకం ఇక అతకదు. హాళ్ల వాళ్లకు ఒక సూచన: జెనిత్సు పోరు ముగిసి, తంజిరో, గియుల ముందు అకాజా దిగే ముందు ఉన్న సందులో కోయండి. సరిగ్గా సగం కాకపోవచ్చు, సమోసా పది నిమిషాలు ముందు అమ్ముడుపోతుంది, అంతే. తర్వాతి రెండు సినిమాలకైనా షో వేసే ముందు ఎవరో ఒకరు ఒకసారి చూసి గీత పెట్టుకుంటే పోయేది లేదు.

భాష దగ్గరా ఒక చిన్న చీలిక ఉంది. 2025 సెప్టెంబర్ 12న మన దేశంలో ఇది జపనీస్‌తో పాటు ఇంగ్లిష్, హిందీ, తమిళం, తెలుగు మాటలతో వచ్చింది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో జపనీస్ చూడాలని నల్లగొండ, మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ బస్సెక్కిన కాలేజీ పిల్లలు తెలుగు షోను చిన్నచూపు చూశారు. ఆ చిన్నచూపు పూర్తిగా న్యాయం కాదు. జపనీస్‌లో క్రియ వాక్యం చివర వస్తుంది, తెలుగులోనూ అంతే. కాదు, లేదు అన్న మాట కూడా క్రియకు తోకలా అతుక్కుంటుంది. ‘నిన్ను ఎన్నటికీ క్షమించ...’ అని ఆపితే అవునో కాదో చివరి అక్షరం దాకా తేలదు. జపనీస్‌లో కూడా తేలదు. ఇంగ్లిష్ అక్షరాల్లో అది మొదటి మూడు మాటల్లోనే బయటపడుతుంది, నటుడు గొంతు తెంచుకునేలోగానే మనం చదివేసి ఉంటాం.

వరసలు పిలుచుకునేది కూడా అంతే. జెనిత్సు గురువును ‘జీ-చాన్’ అంటాడు. అచ్చం మన తాత. కైగాకును నరికాక లోపల్లోపల ‘అనికి’ అంటాడు, అంటే అన్న. ఎన్నడూ వాడిని అన్న అని మొహం మీద పిలిచి ఎరగనివాడు చంపాక అంటాడు, అదీ ఆ పోరు గుండె. ఇంగ్లిష్‌లో ఈ మాటకు చోటే లేదు. షినోబు సంగతి మరీ గమ్మత్తు. కోపంలో కూడా దాదాపు ఎప్పుడూ మన్నన మాటలతోనే మాట్లాడుతుంది, మర్యాద తప్పకుండానే విషం కక్కుతుంది. తెలుగులో మీరు, నువ్వు అనే రెండు మెట్లు ఉన్నాయి కాబట్టి ఆ ఎత్తుపొడుపు దించొచ్చు. డబ్బింగ్ రాసేవాళ్లు తర్వాతి భాగానికి ఈ మూడు చోట్ల కాస్త దృష్టి పెడితే, తెలుగు షో రెండో రకం సరుకు అన్న మాట పోతుంది. అయితే ఒక నష్టం మాత్రం తప్పదు. అకాజాకు జపనీస్‌లో గొంతిచ్చింది అకిరా ఇషిదా. తల తెగకముందు పొగరు, గతంలో పడుచు కుర్రాడి మొరటుతనం, చివర పసివాడి గొంతు, మూడూ ఒక్కడే పలికించాడు. అది వినాలంటే జపనీస్ షోకే పోవాలి.

బొమ్మల నాణ్యత గురించి రెండు పక్షాల్లో ఎవరికీ పేచీ లేదు, కథ జరిగే రాక్షసుల కోట కదలికల దగ్గర తప్ప. కిందా మీదా లేని ఆ కోటను కంప్యూటర్‌లో మూడు కొలతల్లో కట్టి, దాని మీద చేత్తో గీసిన మనుషులను పెట్టారు. చూపు గదుల గుండా దూసుకుపోతుంటే ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లకు కళ్లు తిరిగాయి. ఇందులో వాదించడానికేం లేదు. వెనక మూడో వంతు వరుసల్లో సీటు తీసుకోండి, గొడవ ఉండదు.

వసూళ్లను చూపించి ‘చీలిక ఎక్కడుంది?’ అనేవాళ్లకు ఒక మాట. జపాన్‌లో 2025 జూలై 18న విడుదలై మొదటి మూడు రోజుల్లో 550 కోట్ల యెన్లకు పైగా రాబట్టింది. మూగెన్ ట్రైన్‌కు అదే మూడు రోజుల్లో వచ్చినవి 460 కోట్ల పైచిలుకు. ప్రపంచం మొత్తం మీద ఏ జపాన్ సినిమాకూ రానంత డబ్బు దీనికి వచ్చింది. నిజమే. కానీ మొదటి మూడు రోజుల డబ్బు పాత సినిమా మీది ప్రేమకు వచ్చేది, కొత్త సినిమా మీద తీర్పు కాదు. ఈ సంగతి తెలుగు సినిమా చూసేవాళ్లకు ఒకరు చెప్పాలా?

రెండో భాగం వచ్చేలోగా కొత్తగా చూడాలనుకునేవాళ్లు మీ పత్రికకు ఉత్తరాలు రాస్తారు కాబట్టి, పనికొచ్చే వరస ఒకటి ఇస్తున్నాం. టీవీ ఎపిసోడ్లు ఇప్పటికి మొత్తం 63. అన్నీ చూస్తే పాతిక గంటలు. అంత తీరిక లేకపోతే అయిదు గంటల లోపు సరిపెట్టుకోవచ్చు. మొదటి సీజన్‌లో 17వ ఎపిసోడ్ చూడండి, జెనిత్సు చదువు, గురువు అక్కడ ఉన్నారు. అతని మీద పండు విసిరే కుర్రాడే కైగాకు, రెప్ప వేస్తే పోతాడు. అదే సీజన్ 24లో షినోబు తంజిరోతో పైకప్పు మీద మాట్లాడే ఘట్టం ఉంది, ఆమె నవ్వు వెనక ఏముందో అక్కడ తెలుస్తుంది. తర్వాత మూగెన్ ట్రైన్ సినిమా. దాన్నే టీవీకి 7 ఎపిసోడ్లుగా కోశారు, అందులో మొదటిదొక్కటే కొత్తది, కాబట్టి రెండూ చూసి సమయం తగలేసుకోవద్దు. ‘స్వోర్డ్‌స్మిత్ విలేజ్’ మొదటి ఎపిసోడ్‌లో పెద్ద రాక్షసులందరూ ఈ కోటలోనే కొలువు తీరుతారు, డోమా ఎంత వెకిలివాడో, వాడంటే అకాజాకు ఎంత మంటో అక్కడే తేలుతుంది. చివరగా హషీరా ట్రైనింగ్‌లో రెండోది గియు కోసం, ఎనిమిదోది కోటలోకి ఎట్లా పడిపోయారో తెలియడం కోసం. ఈ వరస చూసినవాళ్లకు మొదటి రెండు జ్ఞాపకాలు కొత్త సమాచారంలా కాక గుర్తుచేసినట్టు ఉంటాయి. బరువు సగం తగ్గుతుంది.

మీ సమీక్షల పేజీకి ఒక విన్నపం. ఇలాంటి సినిమా పేరు కింద నిడివి, ఎన్నో భాగం, ఏ భాషల్లో ఏ ఊళ్లో షోలు, ముందు ఏం చూసి ఉండాలి అన్న నాలుగు వరుసలు వేయండి. మార్కులు ఆ తర్వాత వేసుకోవచ్చు.

చివరిగా ఒక సవరణ. ఫొటో కింద ‘వీణ వాయిస్తున్న రాక్షసి’ అని అచ్చేశారు. ఆమె పేరు నాకిమె, చేతిలోది వీణ కాదు, బివా. దాన్ని వేళ్లతో మీటరు, ‘బాచి’ అనే విసనకర్ర ఆకారపు పలకతో కొడతారు. వెనకటి జపాన్‌లో గుడ్డి బిక్షువులు దాని మీదే యుద్ధ కథలు పాడుతూ ఊళ్లు తిరిగేవాళ్లు, మన దగ్గర కిన్నెర పట్టుకుని తిరిగినట్టు. ఈ సినిమాలో ఆమె తీగ మీద ఒక్కో దెబ్బ వేసినప్పుడల్లా గదులు తిరగబడి ఒకరి ముందర ఒకరు వచ్చి పడతారు. ఎవరి కథ ఎప్పుడు ఆగాలో, ఎవరిది ఎత్తుకోవాలో చూసేది కూడా ఆమే.

ఇట్లు,
కొందరు అనిమే ప్రేక్షకులు,
నల్లగొండ